నక్షత్ర గర్భంలో తూకపు గుండు

ఇసుక నుండి తైలం తీయడమన్నది అసాధ్యమైన పనికి మన పెద్దలు చెప్పిన పోలిక. ఆ పోలికకు అర్థమే తారుమారైన దేశం సంయుక్త అరబ్ ఎమిరేట్స్. ఇక్కడ ఇసుక పొరల కింది నుండి తైలం నిజంగానే పొంగినది. దాని వెంటే గోదావరి తీరాల నుండి, కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉపాధిని వెదుక్కుంటూ వచ్చినవి. ఇదే గడ్డ మీద అంతకంటె దుర్లభమైన మరొక అన్వేషణ కూడ సాగుతున్నదన్న సంగతి మనలో చాలమందికి తెలియదు.

అబూ ధాబీని ఆనుకొని ఉన్న సాదియాత్ ద్వీపంలో న్యూయార్క్ విశ్వవిద్యాలయపు అబూ ధాబీ శాఖ ఉన్నది. అక్కడి ఆచార్యుడు ఫ్రాన్సెస్కో ఆర్నియోడో బృందం ‘జినాన్’ అనే అంతర్జాతీయ ప్రయోగంలో భాగస్వామి. ప్రయోగశాల మాత్రం ఇటలీలో, గ్రాన్ సాస్సో పర్వతం అడుగున ఉన్నది. విశ్వంలోని పదార్థంలో ఆరింట అయిదు వంతులు ఏ దుర్భిణికీ కనబడని అదృశ్య పదార్థమని ఖగోళ పరిశీలనలు చెబుతున్నవి. ఆ పదార్థపు కణం ఒక్కటైనా తమ పాత్రలోని ద్రవ జినాన్‌ను తాకకపోతుందా అని వీరు కాచుకొని కూర్చున్నారు.

2020 జూన్‌లో ఆ కూటమి ఒక ప్రకటన చేసినది. అల్పశక్తి గల ఘటనలు లెక్క ప్రకారం 232 వరకు నమోదు కావలసిన చోట 285 కనిపించినవి. అంటే 53 ఎక్కువ. దీనికి చెప్పదగిన కారణాలలో ఒకటి ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులను ఉలిక్కిపడేటట్లు చేసినది. అవి సూర్యగర్భంలో పుట్టి వచ్చిన ‘ఆక్సియాన్లు’ కావచ్చునట! ఆ 53 సంగతి ఏమయినదో వ్యాసం చివర చూద్దాం. దానికి ముందు ఆక్సియాన్ అంటే ఏమిటో, దాని కోసం నక్షత్రాల గర్భాన్ని ఎందుకు శోధించవలసి వచ్చినదో తెలుసుకోవడం అవసరం.

ఉండవలసినది లేదు

పరమాణువు నడుమ కేంద్రకం, కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉన్నవని పాఠశాలలోనే చదువుకున్నాం. న్యూట్రాన్ కూడ విడదీయరాని కణం కాదు. అందులో మూడు క్వార్కులు ఉన్నవి. ఒకదాని విద్యుదావేశం ధనాత్మకం, తక్కిన రెండింటిదీ ఋణాత్మకం. మొత్తం మీద కూడిక సున్న. అయితే కూడిక సున్న అయినంత మాత్రాన ధనావేశమూ ఋణావేశమూ ఒకే చోట కేంద్రీకృతమై ఉండాలన్న నియమం లేదు. ఒక వైపు కొంచెం ధనావేశం, మరొక వైపు కొంచెం ఋణావేశం ఒదిగి ఉండవచ్చును. నీటి అణువులో జరుగుతున్నది ఇదే. నీరు ఉప్పును కరిగించగలగడానికి కారణం కూడ ఇదే. దీనిని ద్విధ్రువ గుణం అంటారు.

క్వార్కులను బంధించి ఉంచే బలమైన కేంద్రక బలానికి సంబంధించిన సమీకరణాలలో ‘థీటా’ అనే కోణం ఒకటి ఉన్నది. అది సున్న నుండి 360 డిగ్రీల వరకు ఎంతైనా ఉండవచ్చును. సిద్ధాంతం దానిపై ఏ ఆంక్షా విధించలేదు. ఆ కోణం సున్న కానట్లయితే న్యూట్రాన్‌కు ద్విధ్రువ గుణం ఉండి తీరాలి. 1950ల నుండి భౌతికశాస్త్రజ్ఞులు దానిని కొలవబూనుతూనే ఉన్నారు. ప్రయోగం సూక్ష్మమయిన కొద్దీ ‘లేదు’ అన్న జవాబే మరింత బలపడుతూ వచ్చినది. 2020లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో జరిగిన కొలత ప్రకారం థీటా కోణం, ఉన్నదనుకున్నా, వెయ్యి కోట్లలో ఒక వంతుకు మించదు.

ఎంతైనా ఉండవచ్చునన్న కోణం సరిగ్గా సున్న దగ్గరే ఎందుకు ఆగినది? కాకతాళీయం అని సరిపెట్టుకోవడానికి వెయ్యి కోట్లలో ఒక వంతు మరీ సన్నని దారి. ఇది భౌతికశాస్త్రంలో దశాబ్దాలుగా తెమలని చిక్కుముడి.

తాపీ మేస్త్రి చూపిన దారి

దీనికి సమాధానం మన తాపీ మేస్త్రి చేతిలోనే ఉన్నది. దుబాయిలోని ఆకాశహర్మ్యాలను లేజరు కిరణాలతో నిలువు చూస్తారు గాని, మన ఊళ్ళలో గోడ కట్టేటప్పుడు మేస్త్రి నేటికీ దారానికి తూకపు గుండు కట్టి వదులుతాడు. ఆ దారం ఏ కోణంలోనైనా ఉండగలదు. కాని వదిలిన తరువాత కొంతసేపు అటూ ఇటూ ఊగి, సరిగ్గా నిలువుగా నిలబడుతుంది. నిలువుగా ఉండమని దానికి ఎవరూ చెప్పనక్కరలేదు. భూమి ఆకర్షణే ఆ పని చేయిస్తుంది.

1977లో రాబర్టో పెచ్చేయి, హెలెన్ క్విన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన ప్రతిపాదన సారాంశం ఇదే. థీటా అన్నది ప్రకృతి ఒకనాడు బిగించి వదిలిన మేకు కాదు, దారానికి వేలాడే గుండు వంటిది. బలమైన కేంద్రక బలమే దానికి భూమ్యాకర్షణ. ఆ ఆకర్షణకు లోబడి థీటా తనంత తానుగా సున్న దగ్గరకు చేరుకున్నది. చిక్కుముడి ఇంత సుళువుగా విడిపోయినది.

వేలాడే గుండు ఉన్నప్పుడు దాని ఊపు కూడ ఉంటుంది. క్వాంటం భౌతికం ప్రకారం అటువంటి క్షేత్రపు ఊపు అంటే ఒక కొత్త కణం. ఈ సంగతిని 1978లో స్టీవెన్ వైన్‌బర్గ్, ఫ్రాంక్ విల్చెక్ విడివిడిగా గుర్తించినారు. మురికిగా పడి ఉన్న ఒక సమస్యను ఈ కణం శుభ్రం చేసినది గనుక విల్చెక్ దానికి అమెరికాలో అమ్ముడయ్యే ఒక బట్టల సబ్బుపొడి పేరే పెట్టినాడు. ఆ పొడి పేరు ‘ఆక్సియాన్’. మన వాళ్ళెవరయినా కనిపెట్టి ఉంటే దానికి ‘నిర్మా’ అని పేరు పెట్టేవారేమో!

ఈ ఉపమానం నుండి మరొక రెండు విషయాలు కూడ గ్రహించవచ్చును. దారం పొడవయిన కొద్దీ ఊపు మందగిస్తుంది. ఆకర్షణ బలహీనమైనా ఊపు మందగిస్తుంది. చంద్రుని మీద లోలకం మెల్లగా ఊగేది అందువల్లనే. ఆక్సియాన్ విషయంలో ఊపు వేగమే దాని ద్రవ్యరాశి. ఆకర్షణ ఎంతో లెక్క కట్టగలం, కాని దారం పొడవు తెలియదు. అందుచేత ఆక్సియాన్ ఎంత బరువైనదో సిద్ధాంతం చెప్పలేదు. దారం పొడవయిన కొద్దీ ఆక్సియాన్ తేలికవుతుంది, ఇతర పదార్థంతో దానికి గల సంబంధం కూడ అంతకంతకు సన్నగిల్లుతుంది.

1983లో మూడు బృందాలు మరొక ముఖ్యమైన సంగతిని కనుగొన్నవి. విశ్వం పుట్టిన తొలి క్షణాలలో గుండు ఏదో ఒక కోణం నుండి వదలబడి ఉంటే దాని ఊపు ఇప్పటికీ పూర్తిగా చల్లారి ఉండదు. ఆ మిగిలిపోయిన ఊపే అదృశ్య పదార్థం కావచ్చును. అంటే ఒకే కణం రెండు పెద్ద సమస్యలకు సమాధానం కాగలదు. శాస్త్రజ్ఞులు దీని వెంటపడడం ఇందుకే.

పది సెకన్ల సాక్ష్యం

కంటికి కనబడని, దేనినీ తాకని కణాన్ని పట్టుకోవడం ఎట్లా? ప్రయోగశాలలలో ఒక దారి ఉన్నది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఆక్సియాన్ కాంతికణంగా మారగలదని పియెర్ సికివీ 1983లో చూపించినాడు. ఆ సూత్రం మీదనే అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం సాగుతున్నది. జెనీవా దగ్గరి సెర్న్ సంస్థ తన మహాయంత్రానికి చెందిన ఒక అయస్కాంతాన్ని సూర్యుని వైపు తిప్పి ఏళ్ళ తరబడి చూసినది. ఇంతవరకు ఆక్సియాన్ ఎక్కడా దొరకలేదు.

రెండవ దారి నక్షత్రాలను సాక్షులుగా పిలవడం. గేయార్గ్ రాఫెల్ట్ వంటి శాస్త్రజ్ఞులు ఈ విధానాన్ని ఎంతో అభివృద్ధి చేసినారు. దీనికి తిరుగులేని ఉదాహరణ 1987 ఫిబ్రవరి 23న దొరికినది.

మన పాలపుంతకు పొరుగున, సుమారు లక్షా అరవై ఎనిమిది వేల కాంతి సంవత్సరాల దూరంలో ఒక మహానక్షత్రం పేలిపోయినది. దాని గర్భం కుప్పకూలి, అపారమైన శక్తి వెలువడినది. అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు న్యూట్రినోల రూపంలోనే బయటపడినది. జపాన్‌లోని కామియోకాండే పరికరం 11 న్యూట్రినోలను, అమెరికాలోని ఒక గనిలో ఉన్న పరికరం 8 న్యూట్రినోలను పట్టుకున్నవి. ఇక్కడ లెక్క కంటె కాలం ముఖ్యం. ఆ న్యూట్రినోలు అన్నీ ఒక్కసారిగా రాలేదు. పది సెకన్లకు పైగా విడతలుగా వచ్చినవి.

దీని అర్థం ఇది. నక్షత్ర గర్భం అప్పుడే దించిన అన్నపు గుండిగ వంటిది. మూత బిగువుగా ఉంటే ఆవిరి మెల్లమెల్లగా బయటపడి గుండిగ ఆలస్యంగా చల్లారుతుంది. అడుగున ఎక్కడైనా చిల్లు ఉంటే వేడి అటు నుండి పోయి త్వరగా చల్లారుతుంది. పదార్థంలో చిక్కుకొని మెల్లగా బయటపడే న్యూట్రినోలు మూత సందులలోని ఆవిరి. అడ్డు లేకుండ జారిపోయే ఆక్సియాన్లు అడుగు చిల్లు. ఆక్సియాన్లు ఎక్కువగా పుట్టి ఉంటే న్యూట్రినోల ధార పది సెకన్లు నిలిచి ఉండేది కాదు. అది నిలిచినది గనుక చిల్లు అంత పెద్దది కాదు.

ఈ తర్కంతో ఆక్సియాన్ ద్రవ్యరాశికి పై హద్దు దొరికినది. అది ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు నూరవ వంతు. అంటే ఎలక్ట్రాన్ కంటె దాదాపు అయిదు కోట్ల రెట్లు తేలిక. పంతొమ్మిది న్యూట్రినోల సాక్ష్యంతో ఇంత నిర్ణయం! అయితే ఏ న్యాయస్థానంలోనైనా సాక్షి ఎక్కడ నిలబడి చూసినాడో, వెలుతురు ఎంత ఉన్నదో అడుగుతారు. ఇక్కడ సాక్షి నక్షత్రపు నడి గర్భం. అక్కడి పదార్థం ఎటువంటిదో మనకు నిజంగా తెలుసునా?

జంటనగరాలలో ఇమిడే నక్షత్రం

పేలుడు తరువాత మిగిలే న్యూట్రాన్ నక్షత్రపు వ్యాసం సుమారు 24 కి.మీ. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఇమిడిపోయేంత గోళం. ద్రవ్యరాశి మాత్రం సూర్యునికి ఒకటిన్నర రెట్ల ప్రాంతంలో ఉంటుంది. రెండు రెట్లకు చేరినవి కూడ కనబడినవి. పరమాణు కేంద్రకంలోని పదార్థాన్ని ఘన సెంటీమీటరు మేరకు, అంటే కందిపప్పు గింజలు పదిపన్నెండు పట్టేంత చోటులో, కూరగలిగితే 27 కోట్ల టన్నులు తూగుతుంది. న్యూట్రాన్ నక్షత్రపు నడుమ సాంద్రత దానికి కూడ ఎన్నో రెట్లు.

అంతటి ఒత్తిడిలో న్యూట్రాన్లు ఒకదానిలోకి మరొకటి చొచ్చుకొనిపోయి, వాటి గోడలు చెరిగిపోయి, క్వార్కులు కలసిన ఒకే పదార్థం ఏర్పడవచ్చును. ద్రాక్షపండ్ల బుట్టను గట్టిగా అదిమితే పండ్లు పోయి రసం మిగిలినట్లు. అయితే ఈ క్వార్కు రసం మామూలు ద్రవం కాకపోవచ్చునని సిద్ధాంతం చెబుతున్నది.

క్వార్కుల కోలాటం

1911లో కామర్‌లింగ్ ఓన్నెస్ పాదరసాన్ని పరమశూన్యానికి 4 డిగ్రీల పైవరకు చల్లబరచినప్పుడు దాని విద్యుత్ నిరోధం హఠాత్తుగా మాయమయినది. దానినే అతివాహకత అన్నారు. కారణం 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పినారు. ఒకదానినొకటి వికర్షించుకోవలసిన ఎలక్ట్రాన్లు స్ఫటికపు కంపనాల మధ్యవర్తిత్వంతో జంటలు కడతాయి. జంటలన్నీ ఒకే లయలో కదులుతాయి గనుక వాటిని చెదరగొట్టడం కష్టం.

కోలాటం చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. విడివిడిగా తిరుగుతున్న జనంలో దూరి ఎవరినైనా నెట్టివేయవచ్చును. జంటలు కట్టి, కర్ర కర్ర తాకించుకుంటూ ఒకే తాళానికి ఆడుతున్న వలయంలో ఒక్కరిని కదపాలన్నా మొత్తం ఆటనే చెదరగొట్టాలి. అందుకు కావలసిన కనీస శక్తిని శాస్త్రజ్ఞులు శక్తి వ్యవధానం అంటారు.

క్వార్కులకు విద్యుదావేశంతో పాటు ‘వర్ణం’ అనే మరొక ఆవేశం ఉన్నది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పేర్లు పెట్టినారు గాని కంటికి కనబడే రంగులకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. భిన్న వర్ణాల క్వార్కుల మధ్య, వాటి జత తగిన విధంగా కుదిరితే, మధ్యవర్తి అవసరం లేకుండానే ఆకర్షణ ఉన్నది. కనుక తగినంత చల్లని, సాంద్రమైన క్వార్కు పదార్థంలో అవి జంటలు కట్టక తప్పదు. ఇదే వర్ణ అతివాహకత. 1984లో బెయిలిన్, లవ్ దీనిని వివరంగా లెక్క కట్టినారు. జంటల బంధం అనుకున్న దాని కంటె ఎంతో బలమైనదని 1998లో రెండు బృందాలు చూపిన తరువాత శాస్త్రలోకం దృష్టి దీనిపై పడినది. ఆ రెండు బృందాలలో ఒకదానిలో మార్క్ ఆల్ఫర్డ్, కృష్ణ రాజగోపాల్‌తో పాటు ఫ్రాంక్ విల్చెక్ కూడ ఉన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆక్సియాన్‌కు సబ్బుపొడి పేరు పెట్టిన విల్చెక్కే ఆయన.

ఈ కోలాటంలో ముఖ్యంగా రెండు రకాల ఆటలు చెబుతారు. మొదటి దానిలో ‘అప్’, ‘డౌన్’ అనే రెండు జాతుల క్వార్కులు మాత్రమే, అదీ రెండు వర్ణాలవి మాత్రమే, జంటలు కడతాయి. మూడవ వర్ణం వారు గట్టున నిలబడి చూస్తారు. రెండవది సాంద్రత ఇంకా పెరిగినప్పుడు ఏర్పడేది. ‘స్ట్రేంజ్’ అనే మూడవ జాతి కూడ బరిలోకి దిగి, మూడు జాతులూ మూడు వర్ణాలూ ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. బయట నిలబడేవారు ఎవరూ ఉండరు.

‘తగినంత చల్లని’ అన్న మాట విని పాఠకులు పొరపడరాదు. ఇక్కడ అతివాహకత చెదరిపోవాలంటే పదివేల కోట్ల డిగ్రీలకు మించిన వేడి కావాలి. పది కోట్ల డిగ్రీల దగ్గర ఉండే సాధారణ న్యూట్రాన్ నక్షత్రం ఆ లెక్కన మంచుగడ్డ. అప్పుడే పుట్టిన నక్షత్ర గర్భం మాత్రం ఆ హద్దు దరిదాపులలోనే మరుగుతూ ఉంటుంది.

గుండు ఎటు వేలాడుతుంది?

ఇప్పుడు తూకపు గుండును ఈ నక్షత్ర గర్భంలోకి దించి చూద్దాం.

శూన్యంలో ఆక్సియాన్‌ను నిలువుగా లాగే ఆకర్షణకు మూలం, శూన్యమంతటా క్వార్కులూ ప్రతిక్వార్కులూ కలసి ఏర్పరచిన ఒక సాంద్రీకరణం. సాంద్రత పెరిగిన కొద్దీ ఆ సాంద్రీకరణం కరిగిపోతుంది. క్వార్కులు తమలో తాము జంటలు కట్టగానే మరొక రకం సాంద్రీకరణం దాని స్థానంలోకి వస్తుంది. ఆకర్షణకు ఆధారమే మారినప్పుడు గుండు ఊపు కూడ మారాలి గదా!

2020లో రూవెన్ బాల్కిన్, జావీ సెర్రా, కాన్‌స్టాంటిన్ స్ప్రింగ్‌మన్, ఆండ్రియాస్ వైలర్ ఈ ప్రశ్నను పరిశోధించినారు. వారి నిర్ణయాలు మూడు మెట్లుగా ఉన్నవి. కేంద్రకపు మామూలు సాంద్రత దగ్గర ఆక్సియాన్ ద్రవ్యరాశి కొద్దిగా మాత్రమే తగ్గుతుంది. కాని న్యూట్రాన్‌తో దానికి గల బంధం పది రెట్ల వరకు పెరిగే అవకాశం ఉన్నది. అంతకు మించిన సాంద్రతలో కేయాన్లు అనే కణాలు గుమిగూడితే గుండు నిలువుగా ఉండడం మానివేసి మరొక కోణంలో వేలాడవచ్చును. ఇక ఎంతో అధికమైన సాంద్రతలో, వర్ణ అతివాహక స్థితిలో, ఆకర్షణ విపరీతంగా సన్నగిల్లి ఆక్సియాన్ ద్రవ్యరాశి ఎన్నో వేల రెట్లు పడిపోతుంది. అక్కడ కూడ గుండు పక్కకు ఒరిగే వీలున్నది.

పక్కకు ఒరగడం అంటే చిన్న మాట కాదు. మేస్త్రి గుండు పక్కన బలమైన అయస్కాంతం పెడితే గుండు నిలువు తప్పుతుంది. అప్పుడు దానిని నమ్మి కట్టిన గోడ కూడ వంకరవుతుంది. నక్షత్రపు నడుమ థీటా సున్న కాకుంటే, మన లోకంలో న్యూట్రాన్‌కు లేని ద్విధ్రువ గుణం వంటివి అక్కడ ఉండగలవు. నడుమ ఒక కోణం, బయట మరొక కోణం ఉన్నందున రెండింటికీ మధ్య ఒక సరిహద్దు పొర ఏర్పడుతుంది. నక్షత్రపు మొత్తం ద్రవ్యరాశి లెక్క కూడ మారవచ్చును.

రెండు జాతుల జంటలు మాత్రమే ఉన్న మధ్యస్థ సాంద్రతలో ఏమవుతుందన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. అక్కడ మూల సమీకరణాలను నేరుగా సాధించడం ఎంత పెద్ద కంప్యూటరుకూ చేతకాదు. అందుచేత నాంబు, జోనా-లాసీనియో 1961లో ప్రతిపాదించిన నమూనాను సవరించి వాడుతున్నారు. నమూనాలో ఏ బలాన్ని ఎంతగా తీసుకున్నారన్న దానిని బట్టి జవాబు మారుతున్నది. ఇవి సిద్ధాంతపు లెక్కలు గాని కొలిచిన విలువలు కావన్నది మరువరాదు.

తిరిగి సాక్షి దగ్గరకు

ఈ లెక్కల ప్రయోజనం ఏమిటంటే, అవి 1987 నాటి తీర్పును మళ్ళీ విచారణకు తెస్తున్నవి. న్యూట్రాన్‌తో ఆక్సియాన్ బంధం పది రెట్లు పెరిగితే ఆక్సియాన్లు పుట్టే వేగం నూరు రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే వేగం బంధపు వర్గాన్ని బట్టి ఉంటుంది. గుండిగ అడుగు చిల్లు ఒక్కసారిగా పెద్దదయినట్లే. అప్పుడు హద్దు ఇంకా బిగుసుకుంటుంది. మరొక వైపు, గర్భంలో క్వార్కులు చల్లారి కోలాటంలోకి దిగి ఉంటే వాటిని కదపడమే కష్టం గనుక ఆ భాగంలో ఆక్సియాన్లు పుట్టడం దాదాపు ఆగిపోతుంది. అప్పుడు హద్దు సడలుతుంది. ఏది ఎంతవరకు నిజమన్నది లోపలి పదార్థం ఏ దశలో ఉన్నదన్న దానిపై ఆధారపడి ఉన్నది.

ఈ హద్దు కేవలం కాగితం మీది అంకె కాదు. ఏ ద్రవ్యరాశి దగ్గర వెదకాలో, ఏ పరికరం కట్టాలో, ఎన్ని కోట్లు ఎక్కడ ఖర్చు పెట్టాలో దీనిని చూసే నిర్ణయిస్తారు. హద్దు తప్పయితే ఒక తరం శాస్త్రజ్ఞులు ఉంగరం పోయిన చోటు వదలి దీపం ఉన్న చోట వెదికినట్లవుతుంది.

నక్షత్ర గర్భం ఏ దశలో ఉన్నదో తెలుసుకొనే మార్గాలు లేకపోలేదు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు అవి ఎంత మెత్తనివో, ఎంత గట్టివో కొంతవరకు తెలిపినవి. అటువంటి తరంగాలను పట్టే మరొక కేంద్రాన్ని తెలంగాణకు పొరుగున మరాఠ్వాడలోని హింగోలి జిల్లాలో నిర్మించడానికి భారత ప్రభుత్వం 2023లో ఆమోదించినది. ఎక్స్ కిరణాలతో ఆకాశాన్ని చూసే పని ఎమిరేట్స్‌లో కూడ మొదలయినది. 2023 జనవరిలో కక్ష్యలోకి వెళ్ళిన షార్జాశాట్-1 అనే చిన్న ఉపగ్రహం అటువంటి పరికరాన్నే మోసుకొనిపోయినది.

కిలోకు మూడు పరమాణువులు

ఇక ఆ 53 ఘటనల సంగతి.

జినాన్ ఏ మూలకంతోనూ కలవదని చిరకాలం నమ్మిన జడవాయువు. 1962లో నీల్ బార్ట్‌లెట్ దానితో సమ్మేళనం తయారు చేసి ఆ నమ్మకాన్ని వమ్ము చేసినాడు. గాలిలో దాని పాలు కోటి భాగాలకు ఒక్క భాగం కూడ లేదు. గాలిని ద్రవీకరించి, అంశిక స్వేదనం చేసి దానిని వేరుచేస్తారు. సున్నకు దిగువ 96 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవంగా ఉంచిన ఆ జినాన్‌ను ఏదైనా కణం తాకితే ఒక మెరుపు మెరుస్తుంది, కొన్ని ఎలక్ట్రాన్లు విడివడతాయి. 2016 నుండి 2018 వరకు పనిచేసిన పరికరంలో 3 టన్నులకు పైగా జినాన్ ఉండేది.

అంతరిక్షం నుండి కురిసే కణవర్షం చొరబడకుండ దానిని 1400 మీటర్ల కొండరాయి కింద దాచినారు. ఈ ఉపాయం మన వారికి కొత్త కాదు. తెలుగు మాట నేటికీ వినిపించే కోలారు బంగారు గనుల అట్టడుగున, రెండు కిలోమీటర్లకు మించిన లోతులో, విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను 1965లో భారత, జపాన్, బ్రిటిష్ శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ప్రపంచంలో మొట్టమొదట వాటిని చూసిన చోట్లలో కోలారు ఒకటి. 2001లో ఆ గనులు మూతపడినవి.

53 ఘటనలు ఎక్కువ కనబడగానే కూటమి ఆక్సియాన్ దొరికినదని చాటింపు వేయలేదు. తన ప్రకటనలోనే తనకు ప్రతికూలమైన మరొక కారణాన్ని కూడ పెట్టినది. అది ట్రిషియం. జలజనికి అన్న వంటి ఈ రేడియోధార్మిక పరమాణువు అర్ధాయువు 12.3 సంవత్సరాలు. అది క్షయించేటప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లు సరిగ్గా అటువంటి అల్పశక్తి ఘటనలనే సృష్టించగలవు. అందుకు ఎంత ట్రిషియం కావాలి? కిలో జినాన్‌లో మూడు పరమాణువుల లోపు చాలును! కిలో జినాన్‌లో ఉండే పరమాణువుల సంఖ్య 46 తరువాత ఇరవై మూడు సున్నలు. అందులో మూడింటిని రసాయన విశ్లేషణతో పట్టుకోగల సాధనం లోకంలో లేదు. ఉన్నవని గాని, లేవని గాని ఎవరూ చెప్పలేకపోయినారు.

నక్షత్రాలు కూడ అడ్డు చెప్పినవి. ఆ 53 ఘటనలు సూర్యుని ఆక్సియాన్ల వల్లనే అయితే శ్వేత కుబ్జ తారలు, అరుణ మహాతారలు ఇప్పుడు చల్లారుతున్న దాని కంటె ఎంతో త్వరగా చల్లారి ఉండవలసినది. అట్లా జరగడం లేదు.

అప్పుడు కూటమి చేసిన పని ఇంకా పెద్ద, ఇంకా శుభ్రమైన పరికరం కట్టడం. 8 టన్నులకు మించిన జినాన్, రేడాన్ వాయువును నిరంతరం తొలగించే స్వేదన స్తంభం, ట్రిషియం మిగలకుండ నెలల తరబడి లోపలి భాగాలను ఆరబెట్టడం అన్నీ జరిగినవి. అనవసర ఘటనల రొద అయిదవ వంతుకు తగ్గినది. ఆశ గాని, భయం గాని లెక్కను వంచకుండ, శాస్త్రజ్ఞులు తమ కళ్ళకు తామే గంతలు కట్టుకొన్నట్లు, విశ్లేషణ పూర్తయ్యేవరకు అసలు అంకెలను చూడలేదు. 2022 జూలైలో గంతలు విప్పినారు. అదనపు ఘటనలు లేవు. లెక్క ఎంత చెప్పినదో అంతే ఉన్నవి.

పాత పరికరంలో కనిపించినది ట్రిషియమే కావచ్చును. అప్పటికే దానిని విప్పివేసినందున నిర్ధారించే మార్గం లేదు. ఆక్సియాన్ మాత్రం కాదు. రెండేళ్ళ పాటు వందల వ్యాసాలకు వస్తువైన ఒక ఆశను, దానిని పుట్టించిన వారే తమ చేతులతో తుడిచివేసినారు. ‘మాకు దొరకలేదు’ అని అంత జాగ్రత్తగా చెప్పగలగడం ‘దొరికినది’ అని చెప్పడం కంటె తక్కువ గౌరవం కాదు. ఆ పత్రాల మీద అబూ ధాబీ పేరు కూడ ఉన్నది.

మిగిలిన ప్రశ్న

ఆక్సియాన్ ఇంకా దొరకలేదు. లేదని కూడ తేలలేదు. సూర్యుని నుండి రావలసిన బలమైన ఆక్సియాన్లకు తలుపులు దాదాపు మూసుకున్నవి. అదృశ్య పదార్థం కాగల అతి తేలికైన ఆక్సియాన్‌కు ఇంకా తెరిచే ఉన్నవి. ఏ తలుపు ఎంత మూయాలో నిర్ణయించడంలో న్యూట్రాన్ నక్షత్రపు గర్భానికి పెద్ద పాత్ర ఉన్నది. మన పాలపుంతలోనే మరొక నక్షత్రం పేలితే ఈసారి పందొమ్మిది న్యూట్రినోలు కాదు, వేలకు వేలు పట్టుబడతాయి. ఆ పది సెకన్ల కోసం భూగర్భంలోని పరికరాలు రేయింబవళ్ళు మేలుకొని ఉన్నవి.

సెలవునాడు పిల్లలతో కలసి ఒక దారానికి చిన్న గుండు కట్టి గుమ్మానికి వేలాడదీయండి. అది ఊగి ఊగి నిలువుగా నిలబడుతుంది. ‘ఎందుకు నిలువుగానే ఆగినది?’ అని ఇంట్లో ఎవరయినా అడిగితే, సాదియాత్ ద్వీపంలోనూ గ్రాన్ సాస్సో కొండ కిందా శాస్త్రజ్ఞులు అడుగుతున్నది కూడ ఆ ప్రశ్నేనని చెప్పండి. జవాబు కనిపెట్టేవారు ఆ పిల్లలలోనే ఒకరు కావచ్చును.